ఒక్క రాత్రి క్యాంపు... ఇంటిల్లిపాదికీ హడావుడి!

లోవర్ హట్, న్యూజిలాండ్: టర్మ్ వన్ మొదలైన రెండో వారంలోనే స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. ఇయర్ ఎయిట్ పిల్లల్ని పర్యావరణ విజ్ఞాన పాఠాల్లో భాగంగా ఒక రాత్రి మాటియు/సోమ్స్ ద్వీపానికి తీసుకెళ్తారట. ఆరు పేజీల ఫారం జత చేశారు. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. మా వారు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రాత్రి ఉండాల్సిన అవసరమేంటి? పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చుగా" అన్నారు. తెనాలి నుంచి వీడియో కాల్‌లో అమ్మ, "దీవి అంటున్నావు, పాములుంటాయేమోనే!" అంది.

అమ్మ భయం తీర్చడం తేలిక. న్యూజిలాండ్ నేల మీద పాములు లేవు, తేళ్లు లేవు. ఆ మాట చెబితే అమ్మ నమ్మలేదు. "పాములు లేని ఊరుంటుందా?" అని మూడుసార్లు అడిగింది. మా వారి ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది.

హట్ వ్యాలీలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ ద్వీపం కొత్తేం కాదు. పెటోనీ బీచ్‌లో నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది. డేస్ బే నుంచి, వెల్లింగ్టన్ క్వీన్స్ వార్ఫ్ నుంచి ఫెర్రీ ఉంది. మొత్తం కలిపి 25 హెక్టార్లు కూడా ఉండదు. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన మనుషుల్ని, ఆ తర్వాత పశువుల్ని క్వారంటైన్‌లో ఉంచిన చోటు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ శత్రు దేశాల వాళ్లని ఇక్కడ నిర్బంధించారు. వలస వచ్చినవాళ్లం కదా, ఆ కథ మనం కూడా ఒకసారి చదవాలి. 1981 నుంచి లోవర్ హట్ ఫారెస్ట్ అండ్ బర్డ్ సభ్యులు బోడి కొండ మీద మళ్లీ మొక్కలు నాటారు. ఎలుకల్ని పూర్తిగా తొలగించారు. ఆ తర్వాతే టువటారా, పెద్ద వెటా లాంటి జీవుల్ని తెచ్చి వదిలారు. 2009లో ద్వీపాన్ని తిరిగి స్థానిక మావోరీ ఇవికి అప్పగించారు.

రాత్రే ఎందుకంటే, ఇక్కడి జీవుల్లో చాలావాటికి పగలు మొదలయ్యేది చీకటి పడ్డాకే. కొరోరా అనే నీలి పెంగ్విన్లు పగలంతా సముద్రంలో తిరిగి, పొద్దుగుంకాక ఒడ్డుకు చేరతాయి. వెటా చీకట్లోనే బయటికొస్తుంది. ఎలుకల జాడ పట్టే ట్రాకింగ్ టన్నెల్ కూడా రాత్రంతా ఉంచితేనే పనిచేస్తుంది. సన్నటి గొట్టంలో సిరా పూసిన అట్ట, మధ్యలో కాస్త పీనట్ బటర్. తినడానికొచ్చిన జీవి సిరా తొక్కి, అట్ట మీద పాదముద్రలు వదిలి పోతుంది. తెల్లారాక పిల్లలు ఆ ముద్రలు చూసి ఎవరొచ్చారో తేల్చాలి. పగటిపూట వెళ్లొస్తే చూసేది తోట మాత్రమే. ఇదంతా విన్నాక మా వారు "సరే, చూద్దాం" అన్నారు. ఆయన దగ్గర ఆ మాటకు సగం ఒప్పుకున్నారని అర్థం.

మిగతా సగానికి కారణం నాకు తెలుసు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్న తెలుగు తల్లిదండ్రులెవరూ అది మరిచిపోలేదు. ఇక్కడ అలాంటివి జరగవనుకుంటే పొరపాటే. 2008 ఏప్రిల్ 15న మాంగాటెపోపో లోయలో భారీ వానకు వాగు పొంగి, ఆక్లాండ్ పిల్లలు ఆరుగురు, వాళ్ల టీచర్ చనిపోయారు. రెండు చోట్లా ప్రాణాలు తీసింది ఒక్కసారిగా పెరిగిన నీరే.

అందుకే స్కూలుకు ప్రశ్నలు రాయండి. "ఏమనుకుంటారో" అని ఊరుకోవద్దు. పిల్లలెంతమంది, పెద్దలెంతమంది? నీళ్ల దగ్గరికి వెళ్తే ఎవరు చూసుకుంటారు? వాతావరణం చెడితే క్యాంపు రద్దు చేసే నిర్ణయం ఎవరిది? రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎలా తీసుకొస్తారు? మేం ఈ నాలుగూ రాశాం. మర్నాడే వివరంగా జవాబొచ్చింది. వైనుయోమాటా దాటి క్యాచ్‌పూల్ నుంచి ఒరొంగొరొంగో లోయకి నడిచే క్యాంపయితే మరో ప్రశ్న కూడా అడగాలి: వాన పడితే నది దాటకుండా తిరిగొచ్చే దారేది? ఆ నది ఎంత తొందరగా పెరుగుతుందో అక్కడ తిరిగినవాళ్లందరికీ తెలుసు.

గోడ పట్టుకున్న సంగతి

ఇక ఫారం. నాలుగో పేజీలో "మీ బిడ్డ ఆగకుండా 50 మీటర్లు ఈదగలదా?" అని ఉంది. నేను "అవును" మీద టిక్ పెట్టేశాను. నాలుగేళ్లు స్విమ్మింగ్ క్లాసులకు డబ్బు కట్టాం, సర్టిఫికెట్లు గోడకు తగిలించాం, ఇంకేం కావాలి? పక్కనే కూర్చున్న అమ్మాయి తలెత్తకుండా మెల్లగా అంది: "అమ్మా, నేను మధ్యలో గోడ పట్టుకున్నా."

ఆ టిక్ కొట్టేయడానికి నా చెయ్యి వెంటనే ముందుకు రాలేదని ఒప్పుకోవాలి. పిల్ల తక్కువైపోతుందేమో, మనవాళ్లు వెనకబడ్డారనుకుంటారేమో అని ఏదో లోపల గునిసింది. చివరికి "20 మీటర్లు, లోతు నీళ్లంటే భయం" అని రాశాం. టీచర్ ఫోన్ చేసి థాంక్స్ చెప్పారు. ఈ క్యాంపులో ఈత లేదు కానీ రాతి గుంటల్లో జీవుల్ని లెక్కపెట్టే పని ఉంది, మీ అమ్మాయి పక్కన ఒక పెద్దవాళ్లుంటారు అన్నారు. అంతే. ఎవరూ నవ్వలేదు. క్యాంపులోపు నాలుగు ఆదివారాలు హుయా పూల్‌కి వెళ్లాం. ఇప్పుడు గోడ పట్టుకోకుండా 35 మీటర్లు వస్తోంది.

ఆరోగ్యం పేజీలోనూ అదే నిజాయితీ అవసరం. చలిగాలికి ఆస్తమా వస్తుందా, ఇన్‌హేలర్ ఏది, ఇంట్లో ఇచ్చే హోమియో గుళికలు, ఆయుర్వేద చూర్ణం ఏవైనా ఉన్నాయా, అన్నీ రాయాలి. పక్క తడిపే అలవాటుంటే అది కూడా. ఇయర్ ఎయిట్‌లో కూడా కొందరికి ఉంటుంది. టీచర్‌తో విడిగా ఒక మాట చెబితే గుట్టుగా చూసుకుంటారు. దాచిపెడితే రాత్రంతా పిల్లే ఒంటరిగా భయపడుతుంది.

ఆడపిల్లల విషయం వేరే చెప్పాలి. ఇంకా మొదలు కాకపోయినా సరే, ఒక చిన్న సంచిలో ప్యాడ్లు, మార్చుకునే లోదుస్తులు, చెత్త వేయడానికి కవరు పెట్టండి. ఎలా వాడాలో ముందే చూపించండి. 2021 నుంచి ఇక్కడి స్కూళ్లలో ఇవి ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి అడగడానికి సిగ్గు అక్కర్లేదని కూడా చెప్పండి. "ఆ రోజులు వస్తాయేమో, క్యాంపు మానిపించు" అని ఊరి నుంచి సలహా రావచ్చు. మాకూ వచ్చింది. వినలేదు.

పులిహోర, ఆవాలు, జీన్సు

తిండి దగ్గర మన ఇళ్లలో గోల ఎక్కువ. ప్రయాణమంటే పులిహోర, అది మన రక్తంలో ఉంది. చింతపండు పులిహోర ఫ్రిజ్ లేకుండా ఒక పూట నిలుస్తుంది కూడా. కానీ అందులో వేరుశెనగ పప్పులుంటాయి. చాలా స్కూళ్లు నట్స్ తేవద్దంటాయి, ఎందుకంటే ఎలర్జీ ఉన్న పిల్లాడి ప్రాణానికే ముప్పు. పల్లీ చిక్కీ, పల్లీల పొడి కూడా అంతే. పప్పులు లేకుండా కలిపి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాను. శాకాహారులైతే ఇంకో సంగతి: ఇక్కడ దొరికే మార్ష్‌మెలోలలో ఎక్కువ భాగం జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల నుంచి వచ్చేది. "గుడ్డు తింటాం, చేప తినం", "ఏదీ తినం" లాంటి తేడాలు ఫారంలో విడమరిచి రాయండి. ఉత్త "వెజిటేరియన్" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం.

ద్వీపానికి వెళ్లే సంచి గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ఎలుక గానీ, చీమ గానీ, విత్తనం గానీ ద్వీపం మీద అడుగు పెట్టకూడదు. అందుకే అట్టపెట్టెలు, తెరిచిన కవర్లు పనికిరావు. ప్రతి వస్తువూ జిప్ ఉన్న సంచుల్లోనో, మూత బిగించే డబ్బాల్లోనో ఉండాలి. ఫెర్రీ దిగగానే ఫారే కియోరే అనే చిన్న గదిలో తలుపులు మూసి అందరి సంచులూ తనిఖీ చేస్తారు. ముందురోజు రాత్రి అమ్మాయి బ్యాక్‌ప్యాక్ బోర్లించి దులిపితే ఏం రాలాయో తెలుసా? ఆవాలు, నాలుగు మెంతులు. ఇండియన్ స్టోర్‌కి అదే సంచి పట్టుకెళ్తుంటాను మరి. తడి తగిలితే మొలకెత్తే గింజలవి. బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని పాత టూత్ బ్రష్‌తో గీకింది అమ్మాయే.

బట్టల్లో జీన్సు, కాటన్ చొక్కాలు వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. లోపల మెరినో ఉన్ని గానీ పాలిప్రొపిలీన్ గానీ థర్మల్, పైన ఫ్లీస్, ఆ పైన నీరు చొరని రెయిన్‌కోట్. వెల్లింగ్టన్ గాలికి గొడుగు వల్ల ఉపయోగం ఎంతో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మార్చి నెలైనా దక్షిణపు గాలి తిరిగితే స్వెట్టర్ కావాలి. అదే రోజు ఎండ కాస్తే సన్‌స్క్రీన్ కావాలి. అన్నీ కొత్తవి కొనక్కర్లేదు. ఉన్ని స్వెట్టర్లు ఆప్ షాపుల్లో దొరుకుతాయి. స్లీపింగ్ బ్యాగ్ మేం పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాం.

సంచి మాత్రం పిల్లలే సర్దుకోవాలి. మనం సర్దితే చీకట్లో హెడ్ టార్చ్ ఏ మూల ఉందో వాళ్లకి తెలియదు. మా అమ్మాయి మూడుసార్లు సర్ది, మూడుసార్లు విప్పింది. రెండు రాత్రులు హాల్లో నేల మీద స్లీపింగ్ బ్యాగ్‌లోనే పడుకుంది. పన్నెండేళ్లొచ్చినా మా మధ్యలో దూరి పడుకునే పిల్ల. మన ఇళ్లలో స్లీప్‌ఓవర్లకి పంపడం తక్కువ కదా, చాలామందికి అమ్మానాన్నల్లేకుండా గడిపే మొదటి రాత్రి ఇలాంటి క్యాంపులోనే.

ఖర్చు భారమనిపిస్తే స్కూలు ఆఫీసుతో మాట్లాడండి. చదువులో భాగమైన క్యాంపుకు డబ్బు కట్టలేదని పిల్లల్ని పక్కన పెట్టకూడదు. తోడు వెళ్లే పేరెంట్ హెల్పర్‌గా పేరివ్వాలంటే ముందే చెప్పాలి. రాత్రి ఉండే పెద్దలకు చాలా స్కూళ్లు పోలీస్ వెటింగ్ చేయిస్తాయి, దానికి సమయం పడుతుంది. ఆ జాబితాలో మనవాళ్ల పేర్లు ఎందుకో తక్కువగా కనిపిస్తాయి.

క్యాంపులో ఫోన్లు లేవు. ఆ సాయంత్రం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో! తొమ్మిదింటికి మా వారు కారు తాళాలు తీసుకుని "అలా పెటోనీ దాకా వెళ్లొద్దామా" అన్నారు. ఒడ్డున నిలబడి చీకట్లో నల్లగా కనిపిస్తున్న ద్వీపాన్ని చాలాసేపు చూశాం. గాలి పెద్దగా లేదు. ఆయన ఫోన్‌లో వాతావరణ సూచన రెండుసార్లు చూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం డేస్ బేలో ఫెర్రీ దిగిన పిల్ల దగ్గర తడి సాక్సుల వాసన. పులిహోర డబ్బా ఖాళీ. అది తను తిన్నది కాదట, ముగ్గురు స్నేహితులు పంచుకున్నారట. వెటా చేతి మీద పాకిందా అంటే, "ముట్టుకోకూడదమ్మా, చూడాలంతే" అని నాకే పాఠం చెప్పింది. పెంగ్విన్ కనిపించలేదు, కూత మాత్రం వినిపించిందట. రాత్రి ఒక గంట ఏడుపొచ్చిందనీ, పక్క పిల్ల కూడా ఏడుస్తుంటే ఇద్దరూ కబుర్లు చెప్పుకుని పడుకున్నారనీ కారులో చెప్పింది. ఇల్లు చేరేలోపే నిద్రపోయింది.

ఆదివారం పాల డబ్బా అట్ట కత్తిరించి, వంటింట్లో ఫుడ్ కలర్ కలిపి, పీనట్ బటర్ పెట్టి వెనక పెరట్లో కంచె పక్కన టన్నెల్ పెట్టింది. తెల్లారి ఆరింటికి నన్ను లేపి అట్ట చూపించింది. నాకు ఎర్రటి చుక్కలే కనిపించాయి. "ఎలుకవి కావమ్మా, ఇంత వెడల్పు పాదం హెడ్జ్‌హాగ్‌ది" అని, ఆ అట్ట మీద తేదీ రాసి ఫ్రిజ్‌కి అంటించింది. స్విమ్మింగ్ సర్టిఫికెట్ పక్కనే.