పట్టాలేని ఆస్తి

విరుదునగరమునుండి కోవిల్‌పట్టికి రైలులో పోవువారికి కనుచూపుమేర నల్లరేగడి గోచరించును. వాననే నమ్మి ప్రత్తి, చిరుధాన్యములు పండించు ఆ పల్లెలలో పెక్కు రైతుకుటుంబములు నేటికిని ఇంట తెలుగే మాటలాడును. విజయనగరరాజుల కాలమునుండి వలసవచ్చిన వారి పూర్వులు ఆ నేలను సాగునకు తెచ్చిరి.

ఆ వలసగాథను, కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్‌గారు 1976లో 'గోపల్ల గ్రామం' అను నవలగా రచించిరి. వారి ఇంటిభాష తెలుగు; రచన తమిళము. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తమిళమునకది కీర్తి, మనకు హెచ్చరిక.

పొలము పట్టాతో బిడ్డలకు సంక్రమించును. భాషకు పట్టా లేదు, అక్షరమే ఆధారము. అక్కడివారిలో పెక్కుమందికి తెలుగు లిపి రాదు. రాజధానిలోని విద్యాధికులమగు మనము ఆ పల్లెలకు పలకయు, వాచకమును పంపకున్నచో ఈ ఆస్తికి వారసులుండరని మా భయము.