గార్డు పెట్టె... గుప్పిట్లో!

గూడ్సు బండి వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టని పిల్లలుంటారా! ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి... అంటూ సాగిన లెక్క చిట్టచివర ఓ పొట్టి పెట్టె దగ్గర ఆగిపోతుంది. మధ్యలో చిన్న గది, ఇటూ అటూ వసారా, కమ్మీ పట్టుకుని నిలబడ్డ గార్డు. పిల్లలు చెయ్యూపితే ఆయనా ఊపేవాడు.

ఆ పెట్టెను 87 రెట్లు కుదించి, ఒక్క మేకు కూడా తప్పిపోకుండా తయారుచేసి బల్లమీద నిలబెట్టుకునే సరదా ఒకటుంది. సరదా అన్నది మాటవరసకే. అందులో దిగినవాళ్లకు అది నెలల తరబడి సాగే తపస్సు. బొమ్మ రైలుకూ దీనికీ పోలికే లేదు. బొమ్మ రైలు పరిగెడితే చాలు. ఇది నిజం చెప్పాలి.

అమెరికాలో గార్డు పెట్టెను కబూస్ అంటారు. ఎర్ర రంగు, పైకప్పు మీద నలువైపులా చూసేందుకు అద్దాల గూడు. 1980ల్లో అక్కడ బండి చివర చిన్న ఎలక్ట్రానిక్ పరికరం తగిలించి కబూస్‌లను పక్కన పెట్టడం మొదలైంది. పట్టాల మీంచి పోయినా ఇళ్లలోంచి మాత్రం పోలేదు. అక్కడి నమూనా రైళ్ల అభిమానులు 1935లోనే నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. ఫలానా కంపెనీ ఫలానా కాలంలో నడిపిన కబూస్ కావాలంటే విడిభాగాల కిట్లు దొరుకుతాయి. తెచ్చుకుని అతికించుకోవడమే.

మరి కంభం స్టేషన్లో ఒకప్పుడు ఆగిన గార్డు పెట్టె కావాలంటే? దానికి కిట్లు రావు. మొదటి కొలత నుంచీ సొంతంగా మొదలుపెట్టాల్సిందే.

చిన్న లైను జమానా

నల్లమల పంచన ఉన్న అర్ధవీడుకు పట్టాల్లేవు. రైలెక్కాలంటే కంభం రావాలి. ఆ కంభం మీదుగా గుంటూరు-గుంతకల్లు మధ్య ఇప్పుడు నడుస్తున్నది పెద్ద లైను. 1990లలో గేజి మార్చేదాకా అది మీటరుగేజి. జనం నోట్లో చిన్న లైను. ధాత కరువు తర్వాత, తిండిగింజలు కరువు సీమలకు చేరాలన్న ఆలోచనతో 1880లలో వేసిన బళ్లారి-కృష్ణా మార్గం ఇదే. సదరన్ మరాఠా రైల్వే నడిపింది. అంటే ఈ దారిలో ప్రయాణికుల బండి ఎంత ముఖ్యమో గూడ్సు బండీ అంతే ముఖ్యం.

దొనకొండలో ఇంజన్ల షెడ్డు, రైల్వే క్వార్టర్లతో ఒకప్పుడు ఎంత సందడి! గిద్దలూరు దాటాక నల్లమల ఎక్కి దిగే దారి. దొరబావి లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన. పెద్ద లైను కోసం కొండల్లో దారి మార్చినప్పుడు ఆ వంతెననూ వదిలేశారు. మీటరుగేజి వ్యాగన్లకు పెద్ద లైనులో పనిలేదు. ఇంజన్లకైతే అక్కడక్కడా మ్యూజియంలో చోటు దక్కుతుంది. నాలుగు చక్రాల వ్యాగన్‌ను ఎవరు దాస్తారు? గార్డు పెట్టెను ఎవరు అడుగుతారు? తుక్కు వేలంలో కిలోల లెక్కన పోవడమే వాటి రాత. అందుకే కొలతలు తప్పని నమూనాకు అంత విలువ. అసలుది పోయాక ఇదే దస్తావేజు.

జానెడు అబద్ధం

ఇక్కడో తమాషా ఉంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే నమూనా కొలత హెచ్‌వో. అంటే ఒకటికి 87 వంతు. ఈ నమూనాల కోసం బజార్లో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 1435 మిల్లీమీటర్లు. అమెరికా, ఐరోపాల గేజి అది. మన పెద్ద లైను 1676. అంటే రాజధాని ఎక్స్‌ప్రెస్ నమూనాను ఎంత ముచ్చటగా చేసినా, ఆ పట్టాల మీద పెట్టగానే అసలు లెక్కలో దాదాపు జానెడు అబద్ధం చెప్పినట్టే. నిజం చెప్పాలంటే పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. అవి ఎవరికి వారు వేసుకోవాల్సిందే.

మీటరుగేజికి ఆ బాధ లేదు. వెయ్యి మిల్లీమీటర్లను 87తో భాగిస్తే పదకొండున్నర. స్విట్జర్లాండ్ లాంటి దేశాల మీటరుగేజి నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు ఎప్పట్నుంచో దొరుకుతున్నాయి. తేడా అర మిల్లీమీటరు! మనం వదిలించుకున్న చిన్న లైనే నమూనాలో ఎక్కువ నిజాయతీగా కుదురుతుందన్నమాట.

పట్టాలు కుదిరితే పని అయిపోయినట్టు కాదు. పాత పెద్ద లైను వ్యాగన్‌కు ముందూ వెనకా రెండేసి గుండ్రటి బఫర్లుంటాయి. చిన్న లైను వ్యాగన్‌కు నడిమధ్యన ఒకటే బఫర్, దాంతోపాటే కొక్కెం. విదేశీ కిట్ తెచ్చి రంగు మార్చి 'ఇదే మన బండి' అంటే తెలిసినవాళ్లు ముందు చూసేది అక్కడే.

చక్కపని, చెక్కపని

ముందు కావాల్సింది టేపు కాదు, ఫొటో. ఒక వైపు నుంచి తిన్నగా తీసిన పాత ఫొటో ఒకటి దొరికితే సగం కొలతలు దొరికినట్టే. చక్రం వ్యాసం తెలిస్తే చాలు, దాన్నిబట్టి తలుపు ఎత్తు, పలక వెడల్పు లెక్క తేలతాయి. రైల్వే డ్రాయింగు దొరికితే ఇక పండగే.

ఆరంగుళాల పలక నమూనాలో ఒకటిముప్పావు మిల్లీమీటరు. అయిదడుగుల ఆరంగుళాల గార్డు పంతొమ్మిది మిల్లీమీటర్లు. గోడలకు అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు వాడతారు. కమ్మీలకు, బ్రేకు గొట్టాలకు ఇత్తడి, రాగి తీగలు. మార్కాపురంలో పలకలకు సన్నటి చెక్క చట్రం బిగించే చేతులకు ఇలాంటి పని కొత్తేమీ కాదు.

అసలు పరీక్ష రివిట్ల దగ్గర. రెండు సెంటీమీటర్ల రివిట్ తల ఇక్కడ పావు మిల్లీమీటరుకన్నా తక్కువ. పలుచటి షీటును వెనక్కి తిప్పి, మొద్దుబారిన సూదితో ఒక్కొక్కటీ నొక్కుతూ పోవాలి. వరసలో ఒక్కటి పక్కకు జరిగినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షీటు పారేసి మళ్లీ మొదటికే! ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాయి కాబట్టి కొందరు రివిట్లతో సహా అచ్చు తీసేస్తున్నారు. పని తేలికైంది. కానీ కంప్యూటర్లోకి ఎక్కించే కొలత తప్పయితే, తప్పు కూడా అంతే అందంగా అచ్చవుతుంది.

బరువుకూ లెక్కుంది. మరీ తేలికైతే మలుపులో పట్టాలు తప్పుతుంది. అమెరికా సంఘం లెక్క ప్రకారం హెచ్‌వో పెట్టెకు ఒక ఔన్సు, దాని మీద అంగుళం పొడవుకు అరౌన్సు చొప్పున కలపాలి. నాలుగంగుళాల పెట్టె అయితే మూడు ఔన్సులు, అంటే 85 గ్రాములు. మీటరుగేజి లాంటి సన్నదారి బళ్లకు ఇంకాస్త తక్కువ. నేల కింద సీసం ముక్క అతికించి సరిచేస్తారు.

గార్డు పెట్టె మామూలు వ్యాగన్‌కన్నా కష్టం. అది మనిషి కాపురమున్న చోటు మరి. చేతిబ్రేకు చక్రం, కూర్చునే బల్ల, బ్రేకు ఒత్తిడి చూపే గడియారం లాంటి మీటరు, పక్కదీపాలు, వెనక ఎర్రదీపం తగిలించే కొక్కెం... అన్నీ ఉండాలి. కొండదారిలో బండి తెగితే వెనక సగాన్ని ఆపాల్సింది ఆ చేతిబ్రేకే. ఆ చక్రం ఏ వైపు ఉండేదో, దీపం ఎక్కడ వేలాడేదో డ్రాయింగుల్లో అన్నిసార్లూ దొరకదు. అందులో రాత్రుళ్లు గడిపినవాళ్లనే అడగాలి. చిన్న లైను మీద పనిచేసిన గార్డులంతా ఇప్పుడు పెద్దవాళ్లయిపోయారు. అడిగేందుకు ఎక్కువ టైము లేదు.

అక్షరాల్లో కాలం

రంగు వేశాక రాతలు. గేటు మీద పేరు చూసి ఇల్లు పట్టినట్టు, పెట్టె మీది అక్షరాలు చూసి దాని కాలం చెప్పేయొచ్చు. 1908 తర్వాత మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1951 నుంచి దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక దాని అక్షరాలు. 1960ల వ్యాగన్ చేసి దాని పక్కన 1980ల నాటి బాక్స్‌-ఎన్ వ్యాగన్ నిలబెడితే తాతా మనవడూ ఒకే బళ్లో చదివినట్టుంటుంది.

ఇక మెరిసే వ్యాగన్ అంటేనే అబద్ధం. ఎండకు వెలిసిన ఎర్రరంగు, చక్రాల దగ్గర బ్రేకు దుమ్ము, తలుపు గడియ కింద తుప్పు చార... ఇవన్నీ సన్నటి కుంచెతో, రంగు పొడులతో తేవాలి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో నిలబడ్డ పెట్టె అయితే గుమ్మం దగ్గర కాస్త పలకరాతి పొడి రాలినా తప్పులేదు.

ఈ సరదా ఎలా ఉంటుందో చూడాలనుకుంటే పుణెలో భావు జోషి ఏర్పాటుచేసిన చిట్టి రైళ్ల మ్యూజియం ఉంది. 1998 నుంచి జనాన్ని అలరిస్తోంది. అసలు పెట్టెల్ని దగ్గర్నుంచి చూడాలంటే 1977లో ఢిల్లీలో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం సరైన చోటు. ఈ రెండిటికన్నా ముందు సొంతూరి చుట్టుపక్కల వెతకడం మంచిది. పాత వ్యాగన్ల చక్రాలు పీకేసి సామాన్ల గదులుగా వాడుకోవడం రైల్వేలో మామూలే. అలాంటిదొకటి కనపడితే అనుమతి తీసుకుని, టేపు పెట్టి, ఒకరు చెబుతుంటే ఒకరు రాసుకోవాలి. పొడవు, ఎత్తు, పలకల లెక్క, రివిట్ల వరసలు.

పెద్ద లైను గూడ్సులకూ ఈ ముచ్చట రేపో మాపో రాబోతోంది. 2022లో గార్డు పేరు ట్రెయిన్ మేనేజర్‌గా మారింది. గార్డు పెట్టెకు బదులు బండి చివర పరికరం బిగించే ప్రయత్నాలు ఇక్కడా సాగుతున్నాయి. కంభం మీదుగా వెళ్లే గూడ్సు చివర ఆ పెట్టె కనపడినప్పుడే ఓ ఫొటో తీసిపెట్టుకోవాలి. పక్క నుంచి, తిన్నగా.