ఇల్లు చూడబోయేవారికి

ఇల్లు కట్టి చూడమన్నారు గాని, కొని చూడమని మన పెద్దలు అనలేదు. కట్టేవాడికి కనీసం పునాదిలో ఏం పోశాడో తెలుస్తుంది. కొనేవాడికి తెలిసేదల్లా అమ్మేవాడు చెప్పినదీ, మధ్యవర్తి దానికి జోడించినదీను. అంచేత జీవితమంతా కూడబెట్టిన డబ్బూ, ఇంకో ఇరవయ్యేళ్ళు బ్యాంకుకు కట్టబోయే డబ్బూ ఆ మాటల మీద పోసేముందు కాస్త కళ్ళు విప్పుకొని చూడటం అవసరం.

సాధారణంగా మనవాళ్ళు ఆదివారం పూట, పొద్దున్న పదింటికి, దిక్సూచి పట్టుకొని బయలుదేరుతారు. ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉన్నదా అని అరగంట చర్చిస్తారు. ఒక్క కుళాయి మాత్రం తిప్పి చూడరు. వాస్తు చూడవద్దని నేననను. దానితోపాటు నీళ్ళు కూడా చూడమంటాను. ఇంట్లో కుళాయిలన్నీ ఒకేసారి విప్పండి. ధార సన్నగిల్లితే ఎందుకో అడగండి. బోరు ఎన్ని అడుగులు, మే నెలలో ట్యాంకరు వస్తుందా, ఎన్నిసార్లు వస్తుంది? ఈ ప్రశ్న అమ్మేవాడికంటే పక్కింటి ఇల్లాలికి వేయటం మేలు. వీధి మొగలో ఇస్త్రీ బండి అతనికి తెలియని సంగతి ఆ వీధిలో ఉండదు.

రెండోసారి వెళ్ళేటప్పుడు వానలో వెళ్ళండి. వానాకాలం కాకపోతే గోడలనే అడగాలి. గదంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు వేశారంటే, ఆ గోడ ఏదో చెప్పబోతే నోరు నొక్కారన్నమాట. మోకాలెత్తున సున్నం పొట్టులు లేచి, తెల్లగా ఉప్పు పేరుకున్నదంటే నేల తడి పైకి పాకుతున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పల్లపు పేటల్లో ఇల్లు చూసేవారు, ఆ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందో చూపించమని నిర్మొహమాటంగా అడగవచ్చు.

పగుళ్ళన్నిటికీ భయపడనక్కరలేదు. పూతమీద వెంట్రుకవాసి గీతలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. తలుపుల, కిటికీల మూలలనుంచి ఏటవాలుగా పాకి, గోడకు రెండోవైపు కూడా కనిపించే పగులు వేరు. పునాది కుంగిందేమో ఇంజనీరు చేత చూపించాలి. స్లాబునుంచి పెచ్చులూడి ఇనుము కనబడుతున్నా అంతే. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. పైన సిమెంటు మెత్తితే ఆగేది కాదు.

అపార్ట్‌మెంటు అయితే మరికొన్ని ప్రశ్నలు. చదరపు అడుగులు ఇన్ని అంటారు. అందులో మెట్లూ, వరండాలూ పోగా మీరు చాప పరుచుకోగల చోటు ఎంత? కొత్త ప్రాజెక్టుల్లో ఆ లెక్కే చెప్పాలని 2016 నాటి రెరా చట్టం నిర్దేశించింది. భూమిలో మీ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి. ఏనాడైనా భవనం పడగొడితే మిగిలేది ఆ గజాలే.

ఇక కాగితాలు. తెలుగు మాస్టారినని మిత్రులు పాత దస్తావేజులు నాచేత చదివించుకుంటారు. వాటిలో అష్టభోగాల వర్ణన దివ్యంగా ఉంటుంది. చూడవలసినది మాత్రం నాలుగు హద్దులు. తూర్పున రోడ్డు అని రాసి ఉండి, మనిషి నిలబడి చూస్తే ఎవరిదో గోడ ఉంటే అక్కడే ఆగాలి. టేపు పట్టి కొలవాలి. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. మాట ఒకటే, స్థలం సగం!

ముప్ఫయ్యేళ్ళ ఈసీ తీసి చూపించగానే చాలామంది నిశ్చింత పడతారు. రిజిస్టరు కాని కాగితం ఏదీ అందులో ఎక్కదు. దస్తావేజులు తాకట్టు పెట్టి చేసిన అప్పు కూడా ఒక్కొక్కప్పుడు ఎక్కదు. అందుకే నకళ్ళు కాదు, అసళ్ళు చూపించమనాలి. పవర్ ఆఫ్ అటార్నీతో అమ్మవస్తే, పవరిచ్చినాయన జీవించి ఉన్నాడా అని విచారించాలి, ఒట్టి జి.పి.ఏ. కాగితాలవల్ల యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ స్థలం ఒకనాడు ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమేమో, నిషేధిత జాబితాలో ఉన్నదేమో రిజిస్ట్రారు ఆఫీసులో తెలుసుకోవాలి.

అన్నిటికంటే మొహమాటమైన ప్రశ్న ఒకటున్నది. "మీకు అక్కచెల్లెళ్ళున్నారా?" తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరు కలిసి అమ్ముతుంటారు. అక్క సంగతెత్తితే, "దానికి పెళ్ళప్పుడే అన్నీ ఇచ్చేశాం" అంటారు. ఇచ్చి ఉండవచ్చు. కాని వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకూ, కూతుళ్ళకూ కొడుకులతోపాటు వాటా 1956 చట్టంనుంచీ ఉన్నది. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే హక్కు 2005 సవరణ ఇచ్చింది. పసుపుకుంకుమలు పెట్టినంతమాత్రాన ఆ హక్కు చెల్లిపోదు. ఆమె సంతకం లేకుండా కొంటే, పదేళ్ళ తరువాత ఆమె పిల్లలు కోర్టు నోటీసు పంపితే మీరు తప్పుపట్టలేరు. ఆమె ఎక్కడున్నా పిలిపించి, ఏం జరుగుతున్నదో తెలిపి, సంతకం చేయించమనండి. అమ్మేవారికి కోపం వస్తే రానివ్వండి. ఆ సొమ్ములో తన పాలు అడిగే అవకాశం ఆమెకు బహుశా అదే మొదటిసారి.

అడ్వాన్సు ఇవన్నీ తేలాక, రాతపూర్వకంగా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ధర 50 లక్షలూ, ఆపైనా అయితే నూటికి ఒక రూపాయి చొప్పున మీరే మినహాయించి ఆదాయపు పన్నుకు జమకట్టాలి. ఆ మాట అమ్మేవారికి ముందే చెప్పి ఉంచితే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లమీద తగువు ఉండదు.