ఏ.సి. విద్యుత్తు, డి.సి. విద్యుత్తు: షాకు ప్రమాదము దేనిలో ఎక్కువ?

"డి.సి. కరెంటు మనిషిని పట్టుకొనును, ఏ.సి. కరెంటు విసరివేయును" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. కొందరు దీనినే తలక్రిందులుగా చెప్పుదురు. విజ్ఞానశాస్త్ర పాఠము జరుగునపుడు మా విద్యార్థులును ఈ ప్రశ్ననే వేయుచుందురు. ఇది కేవలము పాఠ్యవిషయమైనచో తల్లిదండ్రులకై వ్రాయవలసిన పని లేదు. కాని సర్జాపుర ప్రాంతమున నేడు ఒకే ఇంటిలో ఈ రెండు విధముల విద్యుత్తును కలదు. గోడలోని తీగలలో ప్రవహించునది ఏ.సి. ఇన్వర్టరు బ్యాటరీ, విద్యుత్ స్కూటరు, మిద్దెపైని సౌర ఫలకములు డి.సి.కి సంబంధించినవి. తరతరములుగా ఇచట సేద్యము చేయుచున్నవారికి బోరుబావి మోటారు కలదు. ఉద్యోగములకై వచ్చి స్థిరపడినవారికి వాహనమును చార్జి చేయు పెట్టె కలదు. కావున ఈ భేదమును సరిగా ఎరుగుట మన పిల్లల ప్రాణరక్షణకు అవసరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

రెండింటికి గల భేదము

తీగలో విద్యుత్తు ఎల్లప్పుడు ఒకే దిశగా ప్రవహించినచో దానిని ఏకముఖ విద్యుత్తు లేక డి.సి. అందురు. దిశను మాటిమాటికి మార్చుకొనునది ఏకాంతర విద్యుత్తు లేక ఏ.సి. తిరగలి ఒకే వైపునకు తిరుగును. మజ్జిగ చిలుకు కవ్వము ఒకసారి ఇటును, ఒకసారి అటును తిరుగును. డి.సి. తిరగలి వంటిది; ఏ.సి. కవ్వము వంటిది.

మన దేశమున ఇండ్లకు వచ్చు ఏ.సి. సెకనునకు 50 ఆవృత్తులు చేయును. అనగా సెకనులో 100 మారులు దిశ మార్చుకొనును. దాని ఒత్తిడి 230 వోల్టులని చెప్పుదుము గాని, అది ఒక విధమైన సగటు లెక్క. ప్రతి ఊపులోను ఆ ఒత్తిడి క్షణకాలము సుమారు 325 వోల్టుల వరకు పోయి, మరల సున్నకు దిగును.

మన ఇండ్లకు ఏ.సి. ఏల వచ్చినది?

దీనికి సమాధానము మన కావేరినది యొద్దనే కలదు. శివనసముద్రమునందలి జలవిద్యుత్ కేంద్రము 1902లో పనిచేయ మొదలిడెను. అచటి విద్యుత్తు మొదట వెళ్లినది బెంగుళూరునకు కాదు. సుమారు 147 కిలోమీటర్ల దూరముననున్న కోలారు బంగారు గనులకు. ఆ గనులలో శ్రమించిన కార్మికులలో తెలుగువారు పెక్కురు. 1905లో బెంగుళూరు వీథులకు విద్యుద్దీపములు వచ్చినవి.

అంత దూరము విద్యుత్తును పంపవలెనన్న ఒత్తిడిని మిక్కిలి పెంచవలెను. ఒత్తిడి పెరిగిన కొలది అదే శక్తిని తక్కువ ప్రవాహముతో పంపవచ్చును; తీగలు వేడెక్కి శక్తి వృథా యగుట తగ్గును. ఒత్తిడిని పెంచుటకును, ఊరు చేరిన పిమ్మట మరల తగ్గించుటకును ట్రాన్స్‌ఫార్మరు కావలెను. ట్రాన్స్‌ఫార్మరు ఏ.సి.తో మాత్రమే పనిచేయును. కాబట్టి ఏ.సి. మన ఇండ్లకు వచ్చినది సౌకర్యము వలననే గాని, అది ప్రమాదము లేనిదగుట వలన కాదు.

అమెరికాలో ఈ విషయమున పెద్ద వివాదమే జరిగినది. ఎడిసన్ 1882లో న్యూయార్కు నగరమున 110 వోల్టుల డి.సి.తో దీపములు వెలిగించెను. వెస్టింగ్‌హౌస్ ఏ.సి. పక్షము వహించెను. ఏ.సి. ప్రాణాంతకమని చూపుటకై 1888లో హెరాల్డు బ్రౌను అను ఆయన కుక్కలపై బహిరంగముగా ప్రయోగములు చేసెను. 1890 ఆగస్టు 6న ఆబర్న్ చెరసాలలో విలియం కెమ్లరు అను ఖైదీకి ఏ.సి.తో మరణశిక్ష అమలుజరిపిరి. ఆ ప్రచారములో సత్యము కొంత, వ్యాపారము కొంత కలిసియుండెను. సత్యమెంతయో తరువాతి శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి.

పట్టు విడువలేని చేయి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చార్లెస్ డాల్జియల్ అను ఆచార్యుడు స్వచ్ఛందముగా ముందునకు వచ్చిన స్త్రీపురుషులపై జాగ్రత్తతో పరీక్షలు జరిపెను. చేతిలోని తీగను స్వశక్తితో విడువగల గరిష్ఠ ప్రవాహమెంత అని ఆయన కొలిచెను. ఏ.సి. విషయమున అది పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు సుమారు 10.5. డి.సి. విషయమున పురుషులకు 76, స్త్రీలకు 51. మిల్లీ ఆంపియరు అనగా ఆంపియరులో వేయవ వంతు. చిన్నపిల్లలకు ఈ మితి ఇంకను తక్కువ.

దీనికి కారణము సులభముగనే తెలియును. మన నరములు ప్రవాహములోని మార్పునకు చలించును. డి.సి. తగిలినపుడు ఒక కుదుపు, తొలగినపుడు మరియొక కుదుపు ముఖ్యముగా కలుగును. ఏ.సి.లో మార్పు ఎడతెగక జరుగుచుండుట వలన కండరములు సడలుటకు వ్యవధి లేక బిగిసిపోవును. ముంజేతిలో పిడికిలి మూయు కండరములు తెరచు కండరములకంటె బలమైనవి. అందువలన తీగను పట్టిన చేయి దానిని మరింత గట్టిగా పట్టును. కావున ఇంటి కరెంటు విషయమున "ఏ.సి. విసరివేయును" అని ధైర్యపడరాదు, పట్టుకొనునది ముఖ్యముగా ఏ.సి.యే. ఒక్కొక్కప్పుడు కాలి, నడుము కండరములు ఒక్కసారి బిగిసి మనిషి ఎగిరిపడవచ్చును. అది అదృష్టమే గాని విద్యుత్తు స్వభావము కాదు. డి.సి.యు ఎక్కువ పరిమాణములో ప్రవహించినచో చేతిని విడువనీయదు.

గుండెపై దెబ్బ

షాకు వలన సంభవించు మరణములకు ప్రధాన కారణము గుండె లయ తప్పుట. గుండె తనలో పుట్టు సూక్ష్మ విద్యుత్ సంకేతములను అనుసరించి కొట్టుకొనుచుండును. బయటి విద్యుత్తు దానిని కలవరపరచినచో గుండె గదులు క్రమముగా ముడుచుకొనుటకు బదులు ఊరక వణకును. అపుడు రక్తప్రసారము నిలిచిపోవును. చేతినుండి కాలికి ఒక సెకను, అంతకు మించిన కాలము ప్రవహించినపుడు ఏ.సి. సుమారు 40, 50 మిల్లీ ఆంపియర్ల వద్దనే ఈ అపాయమును కలిగింపగలదు. డి.సి.కి సుమారు 150 కావలెను. అనగా ఈ విషయమున ఏ.సి. డి.సి.కంటె మూడు నాలుగు రెట్లు ప్రమాదకరము. ఐతే ప్రవాహకాలము సెకనులో ఐదవ వంతుకంటె తక్కువైనపుడు ఈ భేదము దాదాపు ఉండదు.

ఇపుడు మన ఇంటి లెక్క చూతము. తడిసిన శరీరమునకు నిరోధము సుమారు 1000 ఓములని అనుకొందము. 230 వోల్టులు తగిలినచో 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహించును. అది ఏ.సి. ఐనను డి.సి. ఐనను మరణమునకు చాలును. 12 వోల్టుల బ్యాటరీ తగిలినచో 12 మాత్రమే. కాబట్టి ప్రాణమును నిర్ణయించునది విద్యుత్తు పేరు మాత్రమే కాదు. ఎంత ప్రవహించినది, ఏ మార్గమున ప్రవహించినది, ఎంతసేపు ప్రవహించినది అను మూడు విషయములు.

డి.సి.కి మాత్రమే గల కీడు

డి.సి. మంచిదని నమ్ముట మరియొక పొరపాటు. ఏ.సి. సెకనులో 100 మారులు సున్నకు దిగును గనుక, స్విచ్చి విడదీసినపుడు పుట్టిన నిప్పురవ్వ త్వరలో ఆరిపోవును. డి.సి.కి ఆ విరామము లేదు. తీగలు విడివడిన చోట మంట సాగుచునే యుండును. మిద్దెపై పది సౌర ఫలకములను వరుసగా కలిపినచో సుమారు 400 వోల్టుల డి.సి. ఏర్పడును. సూర్యుడున్నంతసేపు ఆ ఫలకములను ఆర్పు స్విచ్చి లేదు. కావున పిల్లలను వాని దరికి పోనీయరాదు. అచట ఏ.సి.కై చేసిన స్విచ్చిని వాడరాదు.

ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులదే ఐనను, దాని రెండు కొనలకు గాజుగాని, ఉంగరముగాని, పానాగాని ఒకేసారి తగిలినచో వందల ఆంపియర్లు ప్రవహించి లోహము ఎర్రగా కాలి చేయి కాలును. గోరంత బిళ్ల బ్యాటరీ 3 వోల్టులదే. పసిబిడ్డ దానిని మ్రింగగా అది గొంతులో నిలిచినచో, డి.సి. అచటి తేమతో రసాయనక్రియ జరిపి రెండు గంటలలోపలనే అన్ననాళమును తీవ్రముగా కాల్చగలదు. అట్టి సందేహము కలిగిన తక్షణము, వాంతి చేయింపక, వైద్యశాలకు తీసికొనిపోవలెను.

మన పరిసరములలో గమనింపవలసినవి

ఊరిలో కరెంటు పోయినను ఇన్వర్టరున్న ఇంటిలో తీగలు సజీవముగనే యుండును. బ్యాటరీ డి.సి.ని ఇన్వర్టరు 230 వోల్టుల ఏ.సి.గా మార్చి ఇచ్చుచుండును. "కరెంటు లేదు కదా" అని ఫ్యానుపైగాని హోల్డరుపైగాని చేయి వేయరాదు.

అడవి అంచు పొలములలో సౌర కంచె వేయుదురు. అది సుమారు సెకనుకు ఒక్కసారి, అత్యల్పకాలము మాత్రమే ఉండు తుడుపు వంటి దెబ్బనిచ్చును; వేల వోల్టులున్నను జంతువు బెదరి పోవును గాని చావదు. ఇంటి ఏ.సి.ని నేరుగా కంచెకు కలిపినచో అది ఎడతెగక ప్రవహించును. అది నేరము, పందికి పెట్టిన తీగ మన బిడ్డను బలిగొనగలదు.

బెంగుళూరులో 2011 నుండి నడచుచున్న మెట్రో రైలుకు పట్టాల ప్రక్కనున్న మూడవ పట్టా ద్వారా 750 వోల్టుల డి.సి. అందును. పెద్ద రైళ్ల పైతీగలలో ఉండునది 25,000 వోల్టుల ఏ.సి. మొదటిది తాకినవానిని చంపును. రెండవదానిని తాకవలసిన పని కూడ లేదు. సమీపించిననే విద్యుత్తు గాలిలో దుమికి వచ్చును. బోగీలపైకెక్కి ఫోటోలు తీసికొను పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పవలెను. ట్రాన్స్‌ఫార్మరులపై కన్నడమున వ్రాయబడిన "అపాయ" అను మాట మన తెలుగు మాటయు నగును. ఆ లిపి ఇంకను రాని చిన్నపిల్లలకు దాని ఆకారమునైనను గుర్తు పట్టుట నేర్పవలెను.

ప్రమాదము జరిగినపుడు

షాకు తగిలినవానిని ఉత్తచేతితో పట్టి లాగరాదు. మొదట మెయిను స్విచ్చిని ఆపవలెను. వీలుకానిచో, ఇంటి కరెంటు విషయమున మాత్రము, పొడి నేలపై నిలిచి పొడి కఱ్ఱతో తీగను త్రోసివేయవలెను. వీథిలో తెగిపడిన తీగకు కఱ్ఱతోనైనను సమీపింపరాదు. దూరముగ నిలిచి బెస్కాం వారి 1912 సంఖ్యకు తెలుపవలెను. మనిషికి స్పృహ, శ్వాస లేనిచో 108 లేక 112కు ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులతో నిమిషమునకు 100 నుండి 120 మారులు, సుమారు ఐదు సెంటీమీటర్ల లోతు అదుముచు సహాయము వచ్చువరకు మానరాదు. చిన్నపిల్లలకు ఒక చేయి చాలును. లోతు రొమ్ము మందములో మూడవ వంతు. తేరుకొన్నవానినైనను వైద్యునకు చూపవలెను.

ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని గుర్తించి కరెంటును తెగగొట్టు ఆర్.సి.సి.బి. అను సాధనమును తప్పక అమర్చుకొనవలెను. ఫ్యూజు తీగలను, పరికరములను కాపాడును. మనిషిని కాపాడునది ఈ సాధనమే. నేలకు తీసిన ఎర్తు తీగ తెగిపోకుండ చూచుకొనవలెను. ఈ సాధనము ఉన్నదా, దానిపైనున్న పరీక్ష మీట నొక్కిన పడిపోవుచున్నదా అని ఈ వారములోనే ప్రతి ఇంటివారును చూచుకొనవలెనని మా విద్యార్థుల తల్లిదండ్రులను ప్రార్థించుచున్నాము.