డిప్లొమాటికల్లీ (ఆంగ్ల పదం)

డిప్లొమాటికల్లీ అనునది ఆంగ్ల భాషలోని ఒక క్రియావిశేషణము. దీనికి ముఖ్యంగా రెండు అర్థాలు ఉన్నాయి. రాజ్యాల మధ్య సంప్రదింపుల ద్వారా అనునది మొదటిది. ఎదుటివారి మనసు నొప్పించకుండా, తన పని చెడకుండా అనునది రెండవది. తెలుగులో ఈ రెండింటికీ ఒకే మాట సరిపోదు. మొదటి అర్థంలో "దౌత్యపరంగా" అనీ, రెండవ అర్థంలో "లౌక్యంగా", "నేర్పుగా" అనీ వాడాలి.

వ్యుత్పత్తి

గ్రీకు భాషలో "డిప్లొమా" అనగా మడతపెట్టిన పత్రము. క్రమంగా అధికార పత్రాలకు ఆ పేరు వచ్చింది. అటువంటి పత్రాలకు, సంధిపత్రాలకు సంబంధించిన వ్యవహారమే ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లంలో "డిప్లొమసీ" అయింది. తెలుగులో వాడే దౌత్యం "దూత" నుండి, లౌక్యం "లోకం" నుండి పుట్టిన సంస్కృత పదాలు.

దౌత్యపరంగా

నిజామాబాదు, బోధన్ ప్రాంతాలు నిజాం ఏలిన హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికి, నిజాంకు మధ్య ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతి చర్చలు ఫలించలేదు. 1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిని ఆశ్రయించింది. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది. కనుక "హైదరాబాదు సమస్య దౌత్యపరంగా పరిష్కారం కాలేదు" అనడం సరైన ప్రయోగం. ఇక్కడ "లౌక్యంగా" అంటే అర్థం మారిపోతుంది.

లౌక్యంగా

బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు పండే ఇటువంటి ప్రాంతాలలో రైతు, మిల్లు ఒకరినొకరు వదులుకోలేరు. నరికిన చెరకు నిలవ ఉంటే ఎండి తూకం, తీపి తగ్గుతాయి. చెరకు రానిదే మిల్లు ఆడదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజులలో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. బాకీ అడిగే తీరును ఈ క్రింది వాక్యాలలో గమనించవచ్చును.

* మొరటుగా: "మా డబ్బు ఎగ్గొట్టారు, మీ సంగతి తేలుస్తాం."
* ప్రాధేయపడుతూ: "మీ దయ, ఇప్పిస్తే ఇప్పించండి."
* లౌక్యంగా: "అయ్యా, చెరకు తోలి 14 రోజులు దాటింది. వడ్డీతో కలిపి ఏ తేదీన ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. వచ్చే ఏడు కూడా మీకే తోలాలని ఉంది."

మూడవ వాక్యంలో మర్యాద ఉన్నది, కానీ రైతు తన హక్కులో ఏమీ వదులుకోలేదు. మాట మెత్తన కావడం వేరు, కోరిక తగ్గించుకోవడం వేరు.

ప్రయోగంలో జాగ్రత్త

తెలుగు వాడుకలో "లౌక్యుడు" అనే మాటకు ఒక్కొక్కప్పుడు కపటి అనే ఛాయ ఉంటుంది. నిజం దాచి పబ్బం గడుపుకున్నవారిని గురించి చెప్పేటప్పుడు ఆ ఛాయ సరిపోతుంది. మెచ్చుకోలుగా చెప్పదలచినచో "నేర్పుగా", "సామరస్యంగా" అనుట మేలు. సామ, దాన, భేద, దండోపాయాలలో సామమును మొదట చెప్పుట ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.