మూడడుగుల ఓడ... మూడొందల ముడులు

మా ఇంట్లో ఒక గదిలో మే నెలలో కూడా ఫ్యాన్ తిరగదు. తిరిగిందంటే ఓడ తాళ్లు చిక్కుపడిపోతాయి మరి! తాళ్లంటే నిజం తాళ్లు కాదులెండి, పావు మిల్లీమీటరు మందం దారాలు. ఆ గదిలో టేబుల్ మీద రెండేళ్లుగా ‘కట్టీ సార్క్’ తయారవుతోంది.

మోడల్ షిప్ అనగానే చాలామంది సీసాలో ఓడ అనుకుంటారు. అది వేరే. ఇది అసలు ఓడని కొలతల ప్రకారం కుదించి కట్టడం. నాది 1:96 స్కేల్. అంటే అక్కడ 96 అడుగులున్నది ఇక్కడ ఒక్క అడుగు. మొత్తం ఓడ దాదాపు మూడడుగులొస్తుంది.

అసలు కట్టీ సార్క్ కథ వింటే జాలేస్తుంది. చైనా నుంచి లండన్‌కి టీ వేగంగా తేవడానికని స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో కట్టారు. 1869 నవంబర్ 22న నీళ్లలోకి దిగింది. అంతకు ఐదు రోజుల ముందే సూయజ్ కాలువ తెరిచారు! ఆవిరి ఓడలకి దగ్గరి దారి దొరికింది. గాలిమీద నడిచే ఓడలకి ఆ దారి పనికిరాదు. కొన్నేళ్లకే టీ బేరం పోయి, ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసింది. ఆ పనిలోనే వేగానికి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు లండన్ గ్రీనిచ్‌లో మ్యూజియంగా ఉంది. దానిమీది తాళ్లన్నీ కలిపితే 17 కిలోమీటర్ల పైమాటే. నా స్కేల్లో లెక్కేస్తే 180 మీటర్లు. అన్నీ పెట్టం, అయినా భయమేసింది.

ప్లాస్టిక్ ముక్కలు అతికించడం, రంగులేయడం మూడు నెలల్లో అయిపోయింది. అసలు సినిమా ఆ తర్వాతే.

ఓడ తాళ్లు రెండు రకాలు. తెరచాప కొయ్యల్ని నిలబెట్టేవి కదలవు. వాటికి తారు పూసేవాళ్లు కాబట్టి నల్ల దారం వాడతాం. తెరచాపల్ని లాగే, తిప్పే తాళ్లకి లేత గోధుమరంగు దారం. ముందు నల్లవి, తర్వాతే లేతవి. కొయ్య పైనుంచి ఓడ రెండు అంచులకీ దిగే లావు తాళ్లని ష్రౌడ్లు అంటారు. వాటికి అడ్డంగా నిచ్చెన మెట్లలా కట్టేవి రాట్‌లైన్లు. నావికులు గాలివానలోనూ వాటిమీదే పైకెక్కేవాళ్లు. మెట్టుకీ మెట్టుకీ మధ్య నా స్కేల్లో మూడున్నర మిల్లీమీటర్లు. కిట్‌లో అచ్చుపోసిన నిచ్చెనలు వస్తాయి. నాకవి దోమతెరలా కనిపించాయి. పక్కన పడేసి సొంతంగా కట్టడం మొదలెట్టా.

మెట్టు ష్రౌడ్‌ని దాటే ప్రతిచోటా క్లోవ్ హిచ్ ముడి పడాలి. పది వీడియోలు చూసినా నా ముడి జారిపోయేది. ఓ ఆదివారం అమ్మ వెనక నిలబడి చూసి, “పూలు కట్టినట్టే కదరా, వేలితో దారం నొక్కిపట్టి మెలిక తిప్పు” అంది. పట్టకార పక్కన పెట్టి చేసి చూపించింది. పదే పది నిమిషాల్లో నేర్పేసింది.

మూడు నెలల తర్వాత అదే అమ్మ, “ఈ మధ్య కొయ్య కొంచెం ఒరిగినట్టు లేదూ?” అంది.

ఒరిగింది. పైన రెండు మిల్లీమీటర్లు. కారణం నాకు తెలుసు. ష్రౌడ్లు కుడివైపు ఒక జత, ఎడమవైపు ఒక జత, మార్చి మార్చి కట్టాలి. లేకపోతే కొయ్య ఒకవైపుకి లాగేస్తుంది. నేను హడావుడిలో కుడివైపువన్నీ ఒకేసారి బిగించేశా. అప్పటికి వాటిమీద మూడొందల ముడులు పడ్డాయి. ఆఫీసులో కోడ్ తప్పయితే పాత వెర్షన్‌కి వెళ్లిపోతా. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఎవరూ గమనించరులే అని వారం రోజులు ఆ గదిలోకే వెళ్లలేదు. తర్వాత గోళ్లు కత్తిరించే క్లిప్పర్ తీసుకుని మొత్తం కోసేశా. తెగిన దారాలు అరచేతిలో పట్టేశాయి, చూస్తే కడుపు తరుక్కుపోయింది. మళ్లీ కట్టడానికి ఆరు వారాంతాలు పట్టింది. ఈసారి రెండు జతలకోసారి స్కేలు పెట్టి చూసుకున్నా.

మీకూ సరదా పుడితే నాలా మూడు కొయ్యల ఓడతో మొదలెట్టకండి. కిట్ల ధర వేలల్లో ఉంటుంది, విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ అదనం. ఒక్క కొయ్య ఉన్న చిన్న పడవ చాలు. నూలు దారం వద్దు, తేమ మారితే బిగుతు మారిపోతుంది. పాలిస్టర్ దారం తీసుకుని తేనెమైనం మీద రెండుసార్లు లాగితే నూగు అణిగిపోతుంది. ముడి మీద నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక చుక్క. చుక్కే! ఎక్కువైతే ఆరాక మెరుస్తుంది.

“మన ఓడలు కట్టవా?” అని అమ్మ అడుగుతోంది. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దాన్ని ముంచేసింది. అంతకన్నా పాతది కావాలంటే శాతవాహనుల నాణేలమీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. దానికి కిట్ లేదు, నా దగ్గర ప్లానూ లేదు. నాణెం ఫొటో పెద్దది చేసి గ్రాఫ్ పేపర్ మీద గీస్తున్నా. కొయ్యలు రెండూ కుదిరాయి. తాళ్లు ఓడ అంచుకి ఎక్కడ కట్టారో మాత్రం నాణెం మీద అరిగిపోయింది. అక్కడ పెన్సిల్‌తో మూడు రకాలుగా గీసి ఉంచా.