అమ్ముడుపోయిన ఆటగాడు - మరచిపోని ఊరు

అరవై ఏళ్లు దాటినా మానని గాయాలు... అమెరికా బేస్‌బాల్ అభిమానుల జ్ఞాపకాలు

పశువుల సంతలో బేరం ఎలా జరుగుతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. చుట్టూ నిలబడ్డవారికి ఆ ధర తెలియదు. ఎద్దుకు అసలే తెలియదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బేరాలు కూడా ఎన్నో దశాబ్దాలపాటు ఇంచుమించు ఇదే తీరున సాగాయి. నిన్నటిదాకా మనవాడు అనుకున్న ఆటగాడు ఇవాళ మరో ఊరివాడైపోయాడన్న సంగతి అభిమానికి రేడియోలోనో, తెల్లవారి పత్రికలోనో తెలిసేది. ఒక్కొక్కసారి ఆటగాడికే అంతకుముందు తెలిసేది కాదు.

అందుకే అక్కడి అభిమానులు గెలిచిన ఆటలనైనా మరచిపోతారేమో గాని, ప్రాణంగా చూసుకున్న ఆటగాణ్ణి జట్టు వదులుకున్న రోజును మాత్రం మరచిపోరు. తేదీతో సహా చెబుతారు. తాతలు మనుమలకు చెబుతారు.

యజమానిదే ఇష్టం

మనకు క్రికెట్ ఎలాగో అమెరికావారికి బేస్‌బాల్ అలాగ. పెద్ద లీగులో ఇప్పుడు 30 జట్లున్నాయి. ప్రతి జట్టుకూ ఒక ఊరు, ఒక యజమాని. పక్క జట్టులో తనకు కావలసినవాడు ఉంటే యజమాని తన ఆటగాణ్ణి ఇచ్చి అతణ్ణి తెచ్చుకుంటాడు. దీనినే ట్రేడ్ అంటారు. మన మాటలో మార్పిడి.

1975 దాకా ఆటగాడి ఒప్పందంలో రిజర్వు క్లాజు అనే నిబంధన ఉండేది. ఒకసారి సంతకం పెడితే గడువు తీరినా ఆటగాడు ఆ జట్టును వదిలి పోవడానికి వీలులేదు. యజమాని మాత్రం అతణ్ణి ఎప్పుడైనా, ఎవరికైనా ఇవ్వవచ్చు. సీజన్ మధ్యలో మార్పిడులకు చాలాకాలం జూన్ 15 ఆఖరు తేదీగా ఉండేది. 1986 నుంచి అది జూలై నెలాఖరుకు మారింది.

ఈ పద్ధతిలో నవ్వు పుట్టించే సంఘటనలూ లేకపోలేదు. 1922 మే 30న షికాగో కబ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్లు ఒకేరోజు రెండు ఆటలు ఆడాయి. మొదటి ఆటకూ రెండో ఆటకూ మధ్య మ్యాక్స్ ఫ్లాక్, క్లిఫ్ హీత్‌కోట్ అనే ఇద్దరిని మార్చుకున్నాయి. ఇద్దరూ రెండో ఆట ఎదుటి జట్టు చొక్కాతో ఆడారు. 1982 ఆగస్టు 4న జోయల్ యంగ్‌బ్లడ్ మధ్యాహ్నం షికాగోలో మెట్స్ తరఫున ఆడుతూ ఉండగానే అతణ్ణి మాంట్రియల్‌కు ఇచ్చివేశారు. విమానమెక్కి రాత్రికి ఫిలడెల్ఫియా చేరి కొత్త జట్టు తరఫున కూడా బ్యాట్ ఝుళిపించాడు. ఇక 1962లో హ్యారీ చిటి అనే ఆటగాణ్ణి తెచ్చుకున్న మెట్స్ జట్టు, బదులుగా ఎవరిని ఇచ్చేదీ తర్వాత చెబుతామన్నది. రెండు నెలలు గడిచాక ఆ చిటినే తిరిగి పంపించింది. తనకు బదులుగా తానే వెళ్లిన ఆటగాడన్న పేరు అతనికి మిగిలింది.

కాని అన్ని కథలూ నవ్వుకునేవి కావు.

బోస్టన్‌కు తగిలిన ఉసురు

బేబ్ రూత్ పేరు వినని అమెరికన్ ఉండడు. క్రికెట్‌లో సిక్సర్ వంటిది బేస్‌బాల్‌లో హోం రన్. రూత్ 1919లో బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున 29 హోం రన్లు కొట్టి రికార్డు నెలకొల్పాడు. ఆ ఏడాది డిసెంబరులోనే జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ అతణ్ణి న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మాడు. 1920 జనవరిలో గాని సంగతి బయటికి పొక్కలేదు.

కొత్త జట్టులో మొదటి ఏడే రూత్ 54 హోం రన్లు కొట్టాడు. అప్పటికి ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గెలవని యాంకీస్, 1923లో మొదలుపెట్టి నేటికి 27 సార్లు గెలిచారు. 1918 నాటికి అయిదుసార్లు గెలిచిన బోస్టన్‌కు మాత్రం ఆరో గెలుపు 2004లో గాని దక్కలేదు. మధ్యలో 86 ఏళ్లు! ఈ కరవు రూత్ శాపమేనని ఊరంతా చెప్పుకునేవారు. మనవాళ్లయితే ఉసురు తగిలిందనేవారు. 2004లో గెలిచినప్పుడు ఎందరో అభిమానులు శ్మశానాలకు వెళ్లి, ఆ గెలుపు చూడకుండానే కన్నుమూసిన తండ్రుల, తాతల సమాధుల మీద జట్టు జెండాలు ఉంచి వచ్చారు.

పండుగనాటి పిడుగు

క్లీవ్‌లాండ్‌వారి బాధ ఇంకొక రకం. రాకీ కొలవీటో ఆ ఊరి ముద్దుబిడ్డ. చూడచక్కనివాడు. 1959లో 42 హోం రన్లు కొట్టి లీగులో మొదటి స్థానం పంచుకున్నాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 17, ఈస్టర్ ఆదివారం. రెండు రోజుల్లో సీజన్ మొదలుకావాలి. ఆ రోజు జట్టు జనరల్ మేనేజర్ ఫ్రాంక్ లేన్ అతణ్ణి డెట్రాయిట్‌కు ఇచ్చి హార్వే క్యూన్‌ను తెచ్చాడు. క్యూన్ తక్కువవాడేమీ కాదు, అంతకుముందు ఏడాది 0.353 సగటుతో బ్యాటింగ్‌లో ప్రథముడు. అయినా ఊరు భగ్గుమన్నది. ఆ క్యూన్‌ను కూడా లేన్ ఒక్క సీజన్ ఆడించి పంపివేశాడు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఈయనకు ఎంత మోజంటే, అదే 1960 ఆగస్టులో ఏకంగా రెండు జట్ల మేనేజర్లనే డెట్రాయిట్‌తో మార్చుకున్నాడు!

1965లో క్లీవ్‌లాండ్ కొలవీటోను వెనక్కి తెచ్చుకుంది. అభిమానులు సంబరపడ్డారు. కాని అందుకోసం వదులుకున్నవారిలో టామీ జాన్ అనే కుర్ర పిచర్ ఒకడు. బంతి విసిరేవాణ్ణి అక్కడ పిచర్ అంటారు. ఆ కుర్రవాడే తన ఆట జీవితం మొత్తం మీద 288 విజయాలు సాధించాడు. 1960 తర్వాత క్లీవ్‌లాండ్ మళ్లీ ప్లేఆఫ్ దశ చేరింది 1995లో. 1948 తర్వాత 2025 దాకా వరల్డ్ సిరీస్ గెలవనే లేదు. 2024 డిసెంబరులో కొలవీటో కన్నుమూసినప్పుడు ఆ ఈస్టర్ ఆదివారం ముచ్చట మళ్లీ అందరి నోటా నలిగింది.

తప్పు లెక్కలు

అన్ని మార్పిడులూ దురాశతో చేసినవే అనుకోవడం కూడా న్యాయం కాదు. 1964 జూన్ 15న షికాగో కబ్స్ లూ బ్రాక్‌ను సెయింట్ లూయిస్‌కు ఇచ్చి ఎర్నీ బ్రోలియో అనే పిచర్‌ను తెచ్చుకున్నప్పుడు, లాభం షికాగోదేనని చాలామంది అనుకున్నారు. బ్రోలియో అంతకుముందు ఏడాది 18 విజయాలు సాధించినవాడు. కాని అతని మోచేయి దెబ్బతిన్నది. షికాగోకు అతడు సాధించి పెట్టినవి ఏడే విజయాలు. బ్రాక్ అదే ఏడాది కొత్త జట్టును వరల్డ్ సిరీస్ విజేతగా నిలపడంలో ముందు నిలిచాడు. పిచర్ కన్నుగప్పి ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు పరుగెత్తడంలో 938 సార్లు సఫలుడై రికార్డు స్థాపించాడు. ఎవరైనా మోసపోయిన బేరం చేస్తే, బ్రాక్‌నిచ్చి బ్రోలియోను తెచ్చుకున్నట్లుందని అనడం అక్కడ సామెత అయింది. విశేషమేమంటే ఆ ఇద్దరూ తర్వాత మంచి మిత్రులయ్యారు.

కంటతడి పెట్టిన సీవర్

న్యూయార్క్‌లో మెట్స్ అభిమానులకు జూన్ 15 అంటే 1977 జూన్ 15. పిచర్ టామ్ సీవర్ ఆ జట్టుకు కేవలం ఆటగాడు కాడు. అందరూ నవ్వుకునే జట్టును 1969లో వరల్డ్ సిరీస్ గెలిచే స్థితికి తెచ్చినవాడు. ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ బహుమతిని మూడుసార్లు అందుకున్నవాడు. జీతం విషయంలో యాజమాన్యంతో పేచీ వచ్చింది. అది ఒక పత్రికా వ్యాసంలో అతని భార్య ప్రస్తావన దాకా పోయింది. ఇక ఉండనన్నాడు సీవర్. నలుగురు ఆటగాళ్లను తీసుకుని యాజమాన్యం అతణ్ణి సిన్సినాటి రెడ్స్‌కు ఇచ్చివేసింది.

వెళ్లిపోతూ విలేకరులతో మాట్లాడిన సీవర్, అభిమానుల ప్రస్తావన వచ్చేసరికి మాట పెగలక కంటతడి పెట్టాడు. చెప్పదలచినది కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆగస్టు 21న ఎదుటి జట్టు పిచర్‌గా అదే మైదానానికి వచ్చి తన పాత జట్టును 5-1తో ఓడించాడు. ఓడింది తమ జట్టే అయినా న్యూయార్క్ ప్రేక్షకులు అతనికి చప్పట్లు కొట్టారు. 1970లో సుమారు 27 లక్షలమంది వచ్చిన ఆ మైదానానికి, 1979లో ఎనిమిది లక్షలమంది కూడా రాలేదు. ఓడిపోయే జట్టును ఎవరు చూస్తారనుకోవచ్చు. నిజమే. కాని సీవర్ వెళ్లాక మళ్లీ ఆ గేటు దాటలేదనే అభిమానులూ ఉన్నారు.

1983లో అతడు తిరిగి వచ్చాడు. ఊరు పండుగ చేసుకుంది. ఒక్క సీజన్ గడిచిందో లేదో, ఇతర జట్లు తీసుకుపోకుండా కాపాడుకోవలసినవారి జాబితాలో యాజమాన్యం అతని పేరు చేర్చలేదు. 1984 జనవరిలో షికాగో వైట్ సాక్స్ ఎగరేసుకుపోయారు. ఆ మరుసటి ఏడాది సీవర్ 300వ విజయం న్యూయార్క్‌లోనే సాధించాడు, షికాగో చొక్కాతో, యాంకీస్ మైదానంలో. 2020లో ఆయన మరణించారు. 2022లో మెట్స్ తమ మైదానం ఎదుట ఆయన విగ్రహం నెలకొల్పారు.

ఆటగాణ్ణి ఎవరడిగారు?

ఇంతవరకు చెప్పింది అభిమానుల బాధ. ఆటగాడి బాధ సంగతి నోరు విప్పి అడిగినవాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్‌లో 12 ఏళ్లు ఆడాడు. 1969 అక్టోబరులో అతణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చినట్లు ఒక ఫోన్ కాల్‌తో కబురు వచ్చింది. ఫ్లడ్ వెళ్లనన్నాడు. నా ఇష్టంతో పని లేకుండా అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ నేను ఎవరి ఆస్తినీ కానని లీగు కమిషనర్‌కు లేఖ రాశాడు. ఏటా లక్ష డాలర్ల జీతం కాలదన్ని కోర్టుకెక్కాడు. ఇంత జీతం తీసుకునేవాడికి ఈ గొడవేమిటని ఎందరో ఎగతాళి చేశారు. నల్లజాతి ఆటగాళ్లకు తలుపు తెరచిన జాకీ రాబిన్‌సన్ వచ్చి అతని పక్షాన సాక్ష్యం చెప్పాడు. అప్పటికి ఆడుతున్నవారిలో ఒక్కరూ కోర్టుకు రాలేదు.

1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అతని ఆట ముగిసింది. కాని అతడు కదిపిన తేనెతుట్టె ఊరుకోలేదు. పదేళ్లు పెద్ద లీగులో ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ణి అతని అంగీకారం లేకుండా పంపకూడదన్న నియమం 1973లో వచ్చింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి తీర్పుతో రిజర్వు క్లాజు పట్టు సడలింది. ఫ్లడ్ నాటిన చెట్టు పండ్లు తిన్నవారు మాత్రం తర్వాతివారే.

మన ఊరికీ వచ్చిన బాధ

ఐపీఎల్ వచ్చాక ఈ బాధ తెలుగువారికీ కొత్త కాదు. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ డేవిడ్ వార్నర్, తెలుగు పాటలకు చిందులేసి మన ఇళ్లలో మనిషైపోయాడు. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసివేశారు. ఆ తర్వాత జట్టులోనే ఉంచుకోలేదు. 2022 మే 5న ఢిల్లీ తరఫున హైదరాబాద్‌పై 92 పరుగులు చేసి అజేయంగా నిలిచినప్పుడు, సంతోషించాలో బాధపడాలో తెలియని స్థితి మన అభిమానులది. న్యూయార్క్‌వారు 1977లో పడ్డ అవస్థ అదే.

జట్టు నడపడం వ్యాపారమే. మార్పిడులు లేకుండా ఆట సాగదు. కాని టిక్కెట్టు కొనేవాడు జట్టును మాత్రమే కాక మనుషులను కూడా ప్రేమిస్తాడు. 2015 జూలై 29న న్యూయార్క్‌లో ఆట నడుస్తూ ఉండగానే, విల్మర్ ఫ్లోరెస్‌ను ఇచ్చివేశారన్న వార్త ప్రేక్షకుల సెల్‌ఫోన్లలోకి వచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లతో వీడ్కోలు చెప్పారు. పదహారేళ్లకే ఆ సంస్థలో చేరిన కుర్రవాడు మైదానంలోనే కళ్లు తుడుచుకున్నాడు. చివరికి ఆ బేరం కుదరలేదు. రెండు రోజుల తర్వాత అదే మైదానంలో పన్నెండో ఇన్నింగ్స్‌లో హోం రన్ కొట్టి జట్టును గెలిపించాడు. పరుగెత్తి వస్తూ చొక్కా మీది జట్టు పేరును రెండు చేతులా పట్టుకుని జనానికి చూపించాడు.